రంగు అంటని చోటు

1885. బెర్లిన్‌లో షారిటే అనే పెద్దాసుపత్రి. అక్కడ ముప్పై ఒక్క ఏళ్ల డాక్టరొకాయన బతికున్న జంతువుల రక్తంలోకి రకరకాల రంగులు ఎక్కిస్తున్నాడు. బట్టల అద్దకానికి వాడే రంగులే. కొంతసేపయ్యాక జంతువుని కోసి ఏ అవయవం ఎంత రంగెక్కిందో నోట్ చేసుకుంటాడు. కాలేయం రంగెక్కింది, కండ రంగెక్కింది, మూత్రపిండం రంగెక్కింది. పుర్రె తెరిస్తే మెదడు మాత్రం, పక్కనే బకెట్ల కొద్దీ రంగు పారబోసినా తనకేం సంబంధం లేనట్టు, తెల్లగానే ఉంది. వెన్నుపాము కూడా అంతే.

ఆ డాక్టరు పేరు పాల్ ఎర్లిక్. ఇమ్యునాలజీ పేరు వినే ఉంటే ఈయన పేరూ వినే ఉంటారు. 1908లో నోబెల్, సిఫిలిస్‌కి మొదటి అసలైన మందు, కీమోథెరపీ అన్న మాట, మ్యాజిక్ బుల్లెట్ అన్న ఊహ, అన్నీ ఈయన ఖాతాలోవే. ఒంట్లో ఎక్కడ జబ్బుంటే సరిగ్గా అక్కడికే వెళ్లి, మిగతా ఒంటిని ముట్టుకోకుండా పనిచేసే మందు కావాలని జీవితమంతా వెతికిన మనిషి. ఏ మందూ సరిగ్గా చేరలేని చోటొకటి మన ఒంట్లో ఉందని మొట్టమొదట కళ్లారా చూసిందీ ఆయనే. చూశాడు కానీ, దానికి చెప్పిన కారణం తప్పు. ఆ తెల్లటి మెదడే పాతికేళ్ల తర్వాత ఆయన మందుకి అడ్డం వచ్చింది. ఈ కథలో నాకు నచ్చిన ముక్క అదే. అందుకే నోబెల్ సంగతి త్వరగా దాటేసి దాని చుట్టూనే తిరుగుతాను.

ఎర్లిక్ 1854 మార్చి 14న స్ట్రేలెన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. అప్పుడది ప్రష్యాలోని సిలీసియా ప్రాంతం, ఇప్పుడు పోలండ్‌లో స్ట్షెలిన్. యూదుల కుటుంబం. తండ్రికి పూటకూళ్ల సత్రం, సారా బట్టీ ఉండేవి, ఊళ్లో లాటరీ డబ్బు వసూలు పని కూడా చూసేవాడు. సైన్సు గాలి తగిలింది తల్లి వైపు నుంచి. ఆవిడ బంధువు కార్ల్ వైగర్ట్ ఎర్లిక్ కంటే తొమ్మిదేళ్లు పెద్ద, మనం పెదనాన్న కొడుకునో మేనత్త కొడుకునో చూసి ఇంజనీరింగులో చేరినట్టు, ఈ వైగర్ట్ అన్నని చూసి ఎర్లిక్ రంగుల్లో పడ్డాడు. మైక్రోస్కోపు కింద కణాలు కనిపించడానికి వాటికి కృత్రిమ రంగులు వేసే పద్ధతిని మొదట వాడినవాళ్లలో వైగర్ట్ ఒకడు.

బళ్లో మంచి మార్కులేమీ రాలేదు. లాటిన్, లెక్కలు ఇష్టం. వ్యాసరచన అంటే మాత్రం హడల్. జీవితం ఒక కల అనే టాపిక్ మీద పరీక్షలో వ్యాసం రాయమంటే, జీవితమంటే ఆక్సిడేషన్ అనీ, కలలంటే మెదడులో జరిగే ఒక రకం మెరుపనీ రాసి పెట్టాడని చెబుతారు. తెలుగు పేపర్లో ఇలాంటిది రాస్తే మనకేం జరుగుతుందో ఆయనకీ అదే జరిగింది.

తర్వాత మెడిసిన్. బ్రెస్లా, స్ట్రాస్‌బర్గ్, ఫ్రైబర్గ్, లైప్‌జిగ్ అని నాలుగు యూనివర్సిటీలు తిరిగాడు. క్లాసులకంటే రంగులు పూసిన బల్ల దగ్గరే ఎక్కువ కనిపించేవాడు. రాబర్ట్ కాక్ అనే పల్లెటూరి డాక్టరు బ్రెస్లాకి వచ్చినప్పుడు, ల్యాబులో ఓ మూల కూర్చున్న కుర్రాణ్ణి చూపించి, వీడు రంగులెయ్యడంలో గట్టివాడే గానీ పరీక్షలు మాత్రం జన్మలో పాసవ్వడని ఎవరో పరిచయం చేశారట. పాసయ్యాడు. 1878లో లైప్‌జిగ్‌లో ఇచ్చిన థీసిస్ మొత్తం రంగుల మీదే. అందులోనే గింజలు కూరినట్టుండే ఒక కొత్త రకం కణాన్ని వర్ణించి, దానికి మాస్ట్ సెల్ అని పేరు పెట్టాడు. అలర్జీకి మందేసుకున్న ప్రతిసారీ మనం పోరాడేది ఈ కణాలు వదిలే హిస్టమిన్‌తోనే.

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే ఎర్లిక్ ఆలోచన మొత్తం ఇక్కడే పుట్టింది. అప్పట్లో జర్మనీలో రంగుల ఫ్యాక్టరీలంటే ఇప్పటి మన సాఫ్ట్‌వేర్ పార్కులంత ఊపు. తారులోంచి తీసిన అనిలిన్ నుంచి ఏడాదికి డజన్ల కొద్దీ కొత్త రంగులు వచ్చేవి. ఒక రంగు పట్టుకి అంటుతుంది, నూలుకి అంటదు. ఇంకోటి నూలుకి అంటుతుంది, ఉన్నికి అంటదు. ఇది అద్దకం తెలిసినవాళ్లకి కొత్త కాదు. కణాల దగ్గరా అదే వరస అని ఎర్లిక్ గమనించాడు. ఒక రంగు న్యూక్లియస్‌కే అంటుతుంది, ఇంకోటి తెల్లరక్తకణాల్లో ఒక్క రకానికే అంటుతుంది. ఇవాళ బ్లడ్ టెస్టు రిపోర్టులో ఇయోసినోఫిల్, బేసోఫిల్, న్యూట్రోఫిల్ అని విడివిడిగా పర్సంటేజీలు రావడానికి మూలం ఆ పనే. అంటడమంటే కెమిస్ట్రీయే, తాళానికి తగ్గ తాళంచెవి ఉండాలి, ఆ పొందిక లేకపోతే పనే జరగదు. ఎర్లిక్ ఈ మాట మీద జీవితాంతం నిలబడ్డాడు. ఆయన్ని గెలిపించింది ఇదే, ఒక్క చోట పక్కదారి పట్టించిందీ ఇదే.

ఆ ఒక్క చోటు మెదడు.

మెదడుకి రంగెందుకు అంటలేదు? ఎర్లిక్ జవాబు తన సిద్ధాంతం నుంచి తిన్నగా వచ్చింది: మెదడు కణజాలానికి ఆ రంగులతో పొందిక లేదు, అందుకే పట్టుకోలేదు. అల్లాటప్పాగా చెప్పింది కాదు. మరుసటి ఏడాదే, మిథిలీన్ బ్లూ (ఆక్వేరియం షాపులో చేపల మందు కింద అమ్మే ఆ నీలం సీసాయే) బతికున్న నరాలని చక్కగా నీలంగా మారుస్తుందని ఆయనే చూపించాడు. అంటే కొన్ని రంగులు నరాలకి అంటుతున్నాయి, కొన్ని అంటట్లేదు. పొందిక సిద్ధాంతానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? మధ్యలో గోడ ఏదైనా ఉందేమో అన్న అనుమానం రావాల్సిన అవసరమే ఆయనకి కనపడలేదు. సిద్ధాంతం బలంగా ఉన్నచోటే ఇలా జరుగుతుందని నాకనిపిస్తుంది. బలహీనమైన సిద్ధాంతమైతే మెదడు దగ్గర ఆగి ఇంకో ప్రయోగం చేసేవాడేమో.

ఆ ఏడాది ఇంకో దెబ్బ కూడా పడింది. షారిటేలో ఆయన్ని ఇష్టమొచ్చినట్టు పనిచేసుకోనిచ్చిన పెద్ద ప్రొఫెసర్ ఫ్రెరిక్స్ చనిపోయాడు. కొత్తగా వచ్చినాయన ఎర్లిక్‌ని మళ్లీ వార్డు డ్యూటీల్లోకి తోశాడు. అంతకుముందే, 1882లో కాక్ క్షయ బాక్టీరియాని కనిపెట్టినట్టు బెర్లిన్‌లో ప్రకటించిన సాయంత్రం ఎర్లిక్ ఆ సభలోనే ఉన్నాడు. ఇంటికెళ్లి దానికి ఇంకా మంచి స్టెయినింగ్ పద్ధతి కనిపెట్టాడు. కొన్నేళ్లకి తన కఫానికే ఆ పద్ధతిలో రంగేసి చూసుకుంటే బాక్టీరియా కనిపించింది. అప్పటికి పెళ్లయింది, హెడ్విగ్ పింకస్ అనే అమ్మాయితో, ఇద్దరు ఆడపిల్లలు. పొడి గాలి కోసం ఈజిప్టు వెళ్లి కొంతకాలం ఉండి, కోలుకుని 1889లో తిరిగొచ్చేసరికి చేతిలో ఉద్యోగం లేదు. కాక్ పిలిచి తన సంస్థలో చోటిచ్చాడు.

ఆ తర్వాత పదేళ్లూ టెక్స్ట్‌బుక్కుల్లో ఉన్నవే, త్వరగా చెప్పేస్తాను. పిల్లల్ని పొట్టన పెట్టుకుంటున్న డిఫ్తీరియాకి బేరింగ్ అనే సహోద్యోగి సీరం తయారుచేశాడు. అది ఒక బ్యాచ్‌లో పనిచేసి ఇంకో బ్యాచ్‌లో చేసేది కాదు. దాన్ని కొలిచే యూనిట్ తయారుచేసి, నమ్మదగ్గ మందుగా మార్చింది ఎర్లిక్. డబ్బూ, 1901లో మొట్టమొదటి మెడిసిన్ నోబెలూ బేరింగ్‌కి వెళ్లాయి. ఇద్దరికీ చెడింది. 1899లో ఎర్లిక్ ఫ్రాంక్‌ఫర్ట్‌లో ప్రభుత్వం పెట్టిన కొత్త సంస్థకి డైరెక్టరుగా వెళ్లాడు, చివరిదాకా అక్కడే ఉన్నాడు. 1908లో రోగనిరోధక శక్తి మీద పనికి మెచ్నికోవ్‌తో కలిపి నోబెల్ ఇచ్చారు.

మనిషి ఎలా ఉండేవాడంటే, చంకలో ఎప్పుడూ ఒక చుట్టల పెట్టె. రోజుకి పాతిక చుట్టలు కాల్చేవాడని లెక్క. గదిలో కుర్చీల మీద, సోఫా మీద, నేల మీద కాగితాల గుట్టలు, వచ్చినవాళ్లు కూర్చోడానికి జాగా ఉండేది కాదు. రోజూ రాత్రి రంగుల కాగితం ముక్కల మీద రంగుల పెన్సిళ్లతో రేపు ఎవరేం చెయ్యాలో రాసి, పొద్దున్నే అసిస్టెంట్లకి పంచేవాడు. కెమికల్ స్ట్రక్చర్లు ఎక్కడ పడితే అక్కడ గీసేవాడు, టేబుల్ గుడ్డ మీద, చొక్కా కఫ్ మీద కూడా. ఈయన దగ్గర ప్రాజెక్టు చెయ్యడం సరదాగానూ ఉండేది, నరకంగానూ ఉండేది అనుకుంటాను.

రంగులు అంటుతున్నాయంటే, విషం మోసుకెళ్లే రంగుని సూక్ష్మజీవికే అంటేలా చేస్తే? ఇదీ ఆయన పెద్ద ఊహ. 1891లోనే మిథిలీన్ బ్లూని ఇద్దరు మలేరియా రోగులకిచ్చి చూశాడు, గుణం కనిపించింది. 1904లో జపాన్ నుంచి వచ్చిన షిగాతో కలిసి ట్రిపాన్ రెడ్ అనే రంగుతో ఎలుకల్లో ట్రిపనోసోమ్ పరాన్నజీవులని చంపాడు. తర్వాత ఆర్సెనిక్ ఉన్న అటాక్సిల్ అనే మందు మీదికి వెళ్లాడు. దాని స్ట్రక్చర్ గురించి అందరూ నమ్మింది తప్పని ఎర్లిక్ పట్టుబట్టాడు. ఆయన కెమిస్టుల్లో కొందరు ఒప్పుకోలేదు. ఆల్‌ఫ్రెడ్ బెర్తైమ్ నమ్మి పనిచేశాడు, ఎర్లిక్ మాటే నిజమని తేలింది. స్ట్రక్చర్ తెలిసింది కాబట్టి దాన్ని ఒక్కో చోట మార్చుకుంటూ వందల కొద్దీ మందులు తయారుచెయ్యొచ్చు. చేశారు. ఇప్పుడు ఫార్మా కంపెనీలు మాలిక్యూల్ లైబ్రరీ స్క్రీనింగ్ అంటాయే, దాని ముత్తాత ఇదే.

వాటిలో 606 నంబరుది 1907లోనే తయారైంది. ఒక అసిస్టెంటు పరీక్షించి పనికిరాదని పక్కన పెట్టేశాడు. 1909లో టోక్యో నుంచి సహచిరో హతా వచ్చాడు. కుందేళ్లకి సిఫిలిస్ ఎక్కించి పెంచడంలో చెయ్యి తిరిగినవాడు. ఎర్లిక్ ఆయనకి పాత సీసాలన్నీ మళ్లీ మొదటినుంచీ పరీక్షించే పని ఇచ్చాడు. మళ్లీ చేసిన పనిని మళ్లీ చెయ్యమంటే మనం మొహం మాడ్చుకుంటాం, హతా మాత్రం ఓపిగ్గా చేశాడు. 606 దగ్గరకి వచ్చేసరికి కుందేళ్ల పుళ్లు మానిపోయాయి.

సిఫిలిస్ అంటే మన పెద్దవాళ్లు సవాయి అని గుసగుసగా చెప్పుకున్న రోగం. అప్పటిదాకా దానికి వైద్యం పాదరసం, అది పళ్లూడగొట్టేది. రోగం మొదట పుండుగా వచ్చి పోతుంది, ఏళ్లు గడిచాక కొందరిలో మెదడుకెక్కుతుంది. మనిషి మాట తడబడుతుంది, లేని గొప్పలు చెబుతాడు, మతి పోతుంది, పక్షవాతం వస్తుంది, చనిపోతాడు. ఆ రోజుల్లో యూరప్ పిచ్చాసుపత్రుల్లో మంచాలు ఇలాంటివాళ్లతో నిండి ఉండేవి. 1910 ఏప్రిల్‌లో వీస్‌బాడెన్‌లో డాక్టర్ల మహాసభలో ఎర్లిక్ 606ని ప్రకటించగానే ప్రపంచం ఆయన గుమ్మం ముందు వాలిపోయింది. అమ్మకానికి పెట్టేముందు దాదాపు 65,000 డోసులు డాక్టర్లకి ఉచితంగా పంపి ఫలితాలు తెప్పించుకున్నాడు. ఆ ఏడాది చివర్లో హెక్స్ట్ కంపెనీ సాల్వర్సాన్ పేరుతో బజార్లోకి తెచ్చింది. హెక్స్ట్ అసలు రంగుల ఫ్యాక్టరీ అని వేరే చెప్పక్కర్లేదు.

పుళ్లు మానాయి. కానీ కొంతమందిలో మందు తీసుకున్న కొన్ని వారాలకి చెవుడు వచ్చింది, ముఖంలో ఒక పక్క పడిపోయింది. మందులోని ఆర్సెనిక్కే నరాలని పాడుచేస్తోందని విమర్శకులు విరుచుకుపడ్డారు. ఎర్లిక్ ప్రతి కేసూ తెప్పించుకుని చదివాడు. ఆయన వాదన ఏమిటంటే, ఇది మందు చేసిన హాని కాదు, మందు చేరని చోట మిగిలిపోయిన క్రిములు మళ్లీ పెరగడం. పుర్రె ఎముకల సన్నటి సందుల్లోంచి పోయే నరాల దగ్గర రక్తప్రసారం తక్కువ, అక్కడ దాక్కున్నవి బతికిపోతున్నాయి. గమనించారా? ఈసారి ఆయన పొందిక గురించి మాట్లాడలేదు, చేరడం గురించి మాట్లాడాడు. మందుకి క్రిమితో పొందిక ఉంది, చంపగలదు కూడా, కానీ క్రిమి ఉన్న చోటికి అది వెళ్లగలగాలి.

మెదడుకెక్కిన సిఫిలిస్‌లో ఇది ఇంకా ఘోరంగా బయటపడింది. రోగం బాగా ముదిరి నరాలు దెబ్బతిన్నవాళ్లకి తన మందు ఇవ్వొద్దని ఎర్లిక్ మొదటినుంచీ హెచ్చరిస్తూనే ఉన్నాడు. అలాంటి రోగుల మెదడులో క్రిమి ఉందా లేదా అన్నదే అప్పటికి తేలలేదు. 1913లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సంస్థలో నొగుచి అనే ఇంకో జపాన్ శాస్త్రవేత్త, చనిపోయిన రోగుల మెదడు ముక్కల్లో ఆ క్రిమిని చూపించాడు. శత్రువు అక్కడే ఉంది. తుపాకీ ఉంది. గుండు మాత్రం గోడకి తగిలి ఆగిపోతోంది.

గోడ ఉందని నిరూపించింది ఎర్లిక్ శిష్యుడే. ఎడ్విన్ గోల్డ్‌మాన్ వృత్తిరీత్యా సర్జన్. 1909లో ట్రిపాన్ బ్లూ అనే రంగుని జంతువుల రక్తంలోకి ఎక్కించాడు. గురువుగారు పాతికేళ్ల కిందట చూసిందే మళ్లీ చూశాడు: ఒళ్లంతా నీలం, మెదడు తెల్లగా. 1913లో ప్రయోగాన్ని తిరగేశాడు. అదే రంగుని రక్తంలోకి కాకుండా తిన్నగా మెదడు, వెన్నుపాము చుట్టూ ఉండే ద్రవంలోకి ఎక్కించాడు. ఈసారి మెదడు ముదురు నీలంగా మారింది, మిగతా ఒళ్లు మామూలుగా ఉంది. అంటే మెదడుకి ఆ రంగుతో పొందిక లేకపోవడమేం లేదు, ఇస్తే చక్కగా పట్టుకుంటుంది. రక్తంలోంచి లోపలికి రానివ్వట్లేదు, అంతే. ఒకే రంగు, ఒకే మెదడు, ఎక్కించే దారి ఒక్కటే మారింది. ఇంత చవకైన, ఇంత తిరుగులేని ప్రయోగాలు సైన్సులో ఎక్కువ ఉండవు. గోల్డ్‌మాన్ ఆ ఏడాదే చనిపోయాడు.

ఇప్పుడు దాన్ని బ్లడ్-బ్రెయిన్ బ్యారియర్ అంటున్నాం. అది నిజంగా ఎక్కడుందో 1967లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చూపించింది. మెదడులోని సన్నటి రక్తనాళాల గోడల్లో కణానికీ కణానికీ మధ్య సందు లేకుండా జిప్పు వేసినట్టు బిగించి ఉంటుంది. మిగతా ఒంట్లో ఆ సందుల్లోంచే మందులు బయటికి కారతాయి. ఆక్సిజన్, ఆల్కహాల్ లాంటి చిన్నవి, కొవ్వులో కరిగేవి దూరిపోతాయి. గ్లూకోజుకి ప్రత్యేకంగా గేటు ఉంది. పెద్ద మాలిక్యూళ్లకి, చాలా క్యాన్సర్ మందులకి ప్రవేశం లేదు.

డాక్టర్లు గోడ పగలగొట్టలేక చుట్టూ తిరిగి వెళ్లడం మొదలుపెట్టారు. 1912లో న్యూయార్క్‌లో స్విఫ్ట్, ఎల్లిస్ అనే ఇద్దరు, రోగికి సాల్వర్సాన్ ఇచ్చి, అతని రక్తమే తీసి, దాని సీరాన్ని వెన్నులో సూది గుచ్చి ద్రవంలోకి ఎక్కించే పద్ధతి పెట్టారు. బాధతో కూడిన పని, ఫలితం అంతంతమాత్రం. ఇదే దారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి కథ కూడా వచ్చి కలుస్తుంది. లెడర్లీలో ఆయన బృందం తయారుచేసిన మెథోట్రెక్సేట్ పిల్లల ల్యుకేమియాకి పెద్ద ఆయుధమైంది. ఒంట్లో క్యాన్సర్ తగ్గినా మెదడు పొరల్లో దాక్కున్న కణాలు తిరగబెట్టేవి, మందు అక్కడికి సరిగ్గా చేరదు కాబట్టి. అందుకే ఇవాళ్టికీ ల్యుకేమియా వార్డుల్లో పసిపిల్లలకి వెన్నులో సూది గుచ్చి ఆ మందు ఎక్కిస్తారు. ఎర్లిక్ చూసిన తెల్లటి మెదడు ఖరీదు ఆ వార్డుల్లో తెలుస్తుంది.

ఎర్లిక్ చివరి ఏళ్లు ప్రశాంతంగా గడవలేదు. మందుని సరిగ్గా కరిగించకుండా, తప్పుగా ఎక్కించి డాక్టర్లు చేసిన పొరపాట్లకీ నింద ఆయన మీదే పడేది. 1912లో వాడడానికి తేలికైన నియోసాల్వర్సాన్ తెచ్చాడు. అయినా గొడవ ఆగలేదు. ఆసుపత్రిలో వేశ్యల మీద బలవంతంగా ప్రయోగాలు చేశారని ఒక పత్రికాయన రాశాడు, 1914లో కేసు కోర్టుకెక్కింది. ఎర్లిక్ వెళ్లి సాక్ష్యం చెప్పాడు. రాసినాయనకి ఏడాది జైలు పడింది, ఎర్లిక్ ఆరోగ్యం మాత్రం తిరిగి రాలేదు. ఆ ఆగస్టులో యుద్ధం మొదలైంది. సైన్యంలోకి పిలుపొచ్చిన బెర్తైమ్, కొత్త యూనిఫాం బూట్ల ముళ్లు తట్టుకుని మెట్ల మీద పడి చనిపోయాడు. మరుసటి ఏడాది, 1915 ఆగస్టు 20న ఎర్లిక్ బాడ్ హోంబర్గ్‌లో గుండెపోటుతో పోయాడు. అరవై ఒక్క ఏళ్లు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో యూదుల శ్మశానంలో సమాధి ఉంది. తర్వాత నాజీలు ఆయన పేరున్న వీధికి పేరు మార్చేశారు. భార్య హెడ్విగ్ దేశం వదిలి వెళ్లిపోవాల్సి వచ్చింది. యుద్ధం అయ్యాక అదే దేశం ఆయన బొమ్మని 200 మార్కుల నోటు మీద వేసింది.

గోడ సంగతి ఏమైంది? దాన్ని కదిలించింది కెమిస్ట్రీ కాదు, మన బ్రాంచీల వాళ్లు.

1880లో, అంటే ఎర్లిక్ రంగులు ఎక్కించడానికి ఐదేళ్ల ముందు, పారిస్‌లో జాక్, పియరీ క్యూరీ అన్నదమ్ములు క్వార్ట్జ్ లాంటి స్ఫటికాన్ని నొక్కితే కరెంటు పుడుతుందని కనిపెట్టారు. తిరగేస్తే, కరెంటిస్తే స్ఫటికం కంపిస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో లాంజెవాన్ దాన్నే సముద్రంలో సబ్‌మెరైన్లు వెతకడానికి అల్ట్రాసౌండ్‌గా మార్చాడు. 1950ల్లో అల్ట్రాసౌండుని మెదడు మీద కేంద్రీకరిస్తే ఆ చోట గోడ తెరుచుకుంటుందని జంతువుల్లో చూశారు, కానీ గోడతో పాటు మెదడూ దెబ్బతినేది. ఇల్లు తగలబెట్టి తలుపు తీసినట్టు.

మలుపు 2001లో వచ్చింది. బోస్టన్‌లో కుల్లెర్వో హైనినెన్ బృందం కుందేళ్ల రక్తంలోకి ముందు సూక్ష్మ బుడగలు ఎక్కించి, తర్వాత అల్ట్రాసౌండ్ ఇచ్చింది. ఆ బుడగలు గుండె స్కానింగులో బొమ్మ స్పష్టంగా రావడానికి అప్పటికే వాడుతున్నవే. పల్చటి ప్రోటీన్ లేదా కొవ్వు పెంకు, లోపల గ్యాసు, సైజు కొద్ది మైక్రాన్లు, ఎర్ర రక్తకణం కంటే చిన్నవి, కాబట్టి అన్ని సన్న నాళాల్లోనూ తిరుగుతాయి. ధ్వని తరంగం తగలగానే ప్రతి బుడగా సెకనుకి లక్షల సార్లు ఉబ్బుతూ ముడుచుకుంటూ ఊగుతుంది. నాళం గోడని లోపలి నుంచి నెడుతూ లాగుతూ ఉంటే కణాల మధ్య జిప్పు కాస్త వదులవుతుంది. శక్తిని పీల్చుకునేది బుడగలు కాబట్టి ధ్వని చాలా తక్కువ పవర్‌లో సరిపోతుంది, మెదడు వేడెక్కదు. కొన్ని గంటల్లో గోడ మళ్లీ మూసుకోవడం మొదలై, ఒక రోజులో మామూలైపోతుంది.

ఇక్కడ మనకి తెలిసిన సబ్జెక్టులన్నీ వరసగా వస్తాయి. పుర్రె ఎముక ధ్వనిని మింగేస్తుంది, వంచేస్తుంది, మనిషికో మందం. అందుకే హెల్మెట్‌లో 1,024 ట్రాన్స్‌డ్యూసర్లు పెట్టి, రోగి సీటీ స్కాన్ చూసి ఒక్కోదాని ఫేజ్ సరిచేసి, అన్నీ ఒకే చోట కలిసేలా చేస్తారు. ఫేజ్డ్ ఆరే ఎగ్జామ్‌లో మాత్రమే వస్తుందనుకున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. పవర్ ఎక్కువైతే బుడగలు పేలి రక్తస్రావం అవుతుంది, తక్కువైతే గోడ తెరుచుకోదు. ఊగుతున్న బుడగలు తిరిగి పంపే ధ్వనిని వింటూ, అందులో ఇచ్చిన ఫ్రీక్వెన్సీకి సగం దగ్గర శబ్దం కనిపించగానే పవర్ తగ్గిస్తారు. క్లోజ్డ్ లూప్ కంట్రోల్, బుడగే సెన్సరు, బుడగే యాక్చువేటరు.

2014లో పారిస్‌లో కార్పెంటియే బృందం పుర్రెలో అమర్చే చిన్న అల్ట్రాసౌండ్ పరికరంతో బ్రెయిన్ ట్యూమర్ రోగుల మీద ట్రయల్ మొదలుపెట్టింది. 2015 నవంబరులో టొరంటో సన్నీబ్రూక్ ఆసుపత్రిలో, పుర్రె తెరవకుండానే హెల్మెట్ పెట్టి, ఒక ట్యూమర్ రోగికి కీమో మందు, బుడగలు ఎక్కించి గోడ తెరిచారు. వెస్ట్ వర్జీనియా డాక్టర్లు ముగ్గురు అల్జైమర్స్ రోగులకి యాంటీబాడీ మందు ఇచ్చి, మెదడులో కొన్ని చోట్ల గోడ తెరిచి చూశారు. తెరిచిన చోట్ల రోగపు ముద్దలు తెరవని చోట్లకంటే ఎక్కువ తగ్గాయి. ముగ్గురంటే ముగ్గురే, ఇది మందు అయిపోయినట్టు కాదు. రోగికి జ్ఞాపకశక్తి తిరిగొస్తుందా, ఎన్నిసార్లు తెరిస్తే మంచిది, ఏ మందు ఎంత చేరాలి అన్నవన్నీ ఇంకా పరీక్షల్లోనే ఉన్నాయి.

రోగుల్లో గోడ తెరుచుకుందో లేదో చూడడానికి ఎంఆర్ఐలో వాడే గాడోలినియం అనే పదార్థాన్ని రక్తంలోకి ఎక్కిస్తారు. మామూలుగా అది మెదడులోకి రాదు, తెరిచిన చోట మాత్రం కారి తెల్లటి చుక్కగా వెలుగుతుంది. జంతువుల మీద పనిచేసే ల్యాబుల్లో ఇంకా పాత పద్ధతి ఉంది. ట్రిపాన్ బ్లూ ఎక్కించి, అల్ట్రాసౌండ్ ఇచ్చి, తర్వాత మెదడుని పలచగా కోసి చూస్తారు. మెదడంతా తెల్లగా ఉంటుంది, ధ్వని కేంద్రీకరించిన చోట మాత్రం బియ్యపు గింజంత నీలి మరక.